ఎర్ర గోడలో ఒక ఇటుక

మా ఆయన పుట్టినరోజుకి అమ్మాయి ఒక ఇటుక తెచ్చింది. నార్త్ యార్క్ నుంచి హామిల్టన్‌లో మా ఇంటి దాకా కారులో పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కూడా కట్టి తెచ్చిందట. గాజు పెట్టెలో, మెత్తటి గుడ్డ మీద ఉన్న దాన్ని చూడగానే నా ఒళ్లు మండిపోయింది.

అది ఈ దేశం రాకముందు ఇంగ్లండ్‌లో మేము కొత్తగా కాపురం పెట్టిన వీధి చివర ఉండే ఫుట్‌బాల్ స్టేడియం గోడది. ఈ మధ్యే స్టేడియాన్ని పడగొట్టి, ఇటుకల్ని అభిమానులకు జ్ఞాపికలుగా పంచారు. మా ఆయనా అభిమానే. ఇప్పటికీ శనివారం పొద్దున ఆ క్లబ్బు ఆట టీవీలో చూడకపోతే ఆయనకు ముద్ద దిగదు. కూతుర్ని చిన్నప్పుడు ఆ స్టేడియం కథలు చెప్పే నిద్రపుచ్చేవారు.

అమ్మాయి ఫోన్లో చూసి దాని చరిత్ర చెప్పడం మొదలుపెట్టింది. మొదట అక్కడ ఇటుకల కోసం మట్టి తవ్విన గుంట ఉండేదట. ఫ్యాక్టరీ కూలీలు బొగ్గు బూడిదతో కట్టలు పోసి, వాటి మీద నిలబడి ఆట చూసేవారట. చెక్క గ్యాలరీ కాలిపోతే మళ్లీ కట్టారు. యుద్ధంలో బాంబు పడితే మళ్లీ కట్టారు. జనం కొట్టుకుంటున్నారని ఇనుప కంచెలు వేశారు, తర్వాత అవి పీకేసి కుర్చీలు వేశారు. ఇప్పుడక్కడ ఫ్లాట్లు లేస్తున్నాయి.

"సో శాడ్ కదమ్మా!" అంది.

"దిక్కుమాలిన గోడ! ఎప్పుడో కూలాల్సింది," అన్నాను.

ఆయన కళ్లతోనే వద్దన్నారు.

"నాన్నా, చేత్తో పట్టుకో, ఫోటో తీస్తా."

ఆయన కుడి చెయ్యి చాచారు. ఆ చేతికి మూడు వేళ్లు వంగవు. కారు తలుపు పడి నలిగాయని కూతురికి చెప్పి, నా చేత కూడా ఒట్టు వేయించుకున్నారు. ఆ వేళ్ల మీద ఇటుక పెట్టుకుని ఆయన ఫోటోకి నవ్వుతుంటే ఇక నా వల్ల కాలేదు. ఒట్టు తీసి గట్టున పెట్టాను.

"ఆ చెయ్యి విరగ్గొట్టింది ఆ గోడ పక్కనేనే!" అన్నాను.

అది ఆట రోజు. ఆపరేషన్ థియేటర్ డ్యూటీ ముగించుకుని ఆయన గోడ పక్క సందులోంచి వస్తున్నారు. నేను మేడ కిటికీ దగ్గరున్నాను. క్లబ్బు మఫ్లర్లు చుట్టుకున్న నలుగురు ఆయన ఒంటి రంగు చూసి, బూతులు తిడుతూ అడ్డగించారు. తల పట్టుకుని గోడకేసి బాదారు. పడిపోతే డొక్కల్లో తన్నారు. ఒకడు ఆయన చెయ్యి లాగి ఫుట్‌పాత్ రాతి అంచు మీద పెట్టి, బూటు మడమతో తొక్కాడు. మళ్లీ తొక్కాడు. సరిగ్గా అప్పుడే లోపల గోల్ పడి స్టేడియమంతా హోరెత్తింది. ఆయన నోరు తెరుచుకోవడం కనిపించింది గానీ కేక వినపడలేదు.

అప్పడాల కర్ర పట్టుకుని పరిగెత్తాను. ఒకడి నెత్తి పగలగొట్టాను కూడా. అందుకు నాకు ఇప్పటికీ చింత లేదు. కానీ సర్జన్ కావాల్సిన చెయ్యి అప్పటికే నుగ్గునుగ్గయింది. ఈ ఊళ్లో జన్మంతా జ్వరాలకూ దగ్గులకూ మందులు రాస్తూ గడిపారు.

అమ్మాయి ఫోన్ దించేసింది. "మరి ఇన్నేళ్లూ ఆ టీమ్‌ని ఎలా చూశావ్ నాన్నా? వై?"

"ఆట నన్నేం చేసిందమ్మా? ఇష్టం చావలేదు, ఏం చెయ్యను? నీకైనా అది మంచి చోటుగా మిగలాలనుకున్నా."

ఇటుకని తిప్పి చూశారు. ఒక పక్క గోడకు వేసిన ఎర్ర రంగు ఇంకా ఉంది. వంగని వేళ్లతో దాన్ని తడిమారు. నోట్లో నాలుక లేని మనిషి, "సుత్తి ఎక్కడ పెట్టావే?" అని ఇల్లెగిరిపోయేలా అరిచారు.

గరాజ్‌లో సిమెంటు నేల మీద ఇటుక పెట్టి ఎడమ చేత్తో కొట్టారు. దెబ్బ పక్కకు పోయి నేల పెచ్చు లేచింది. అమ్మాయి సుత్తి లాక్కుంది. తనే కొడుతుందనుకున్నాను. దాన్ని ఆయన కుడి చేతిలో పెట్టి, వంగని వేళ్ల మీద తన వేళ్లు వేసి బిగించింది. ఇద్దరూ కలిసి ఎత్తి కొట్టారు. ఇటుక రెండు ముక్కలైంది. ఆయన గొంతు చించుకుని కేక పెట్టారు. ఆ రోజు నాకు వినపడని కేక అది.

"ఇంకోటి వెయ్యండి," అన్నాను.