హనుమంతు నన్నెందుకు అడగలేదంటే

1986. కర్ణాటకలోని పావగడ తాలూకాలో వానలు మొహం చాటేసిన రోజులు. అక్కడి ఒక కరెంటు సెక్షన్ ఆఫీసులో నేను సీనియర్ లైన్‌మన్‌ని. మా యూనియన్ శాఖకు కార్యదర్శిని కూడా. ఎవరికి మెమో వచ్చినా చొక్కా జేబులో పెట్టుకుని ముందు మా ఇంటికే వచ్చేవాళ్లు. "నీ చేతిలో పెడితే సగం భయం పోతాదన్నా" అనేవాళ్లు. ఆ మాట వినడం నాకు అలవాటైపోయింది.

ఆ ఏడు మంగళవాడ దగ్గర ఒక టీసీ కాలిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్‌ని మేం టీసీ అంటాం. వేరుశనగ ఊడలు దిగే సమయం. బోర్ల కింద ఉన్న కొద్దిపాటి చేలనైనా దక్కించుకోవాలని, కరెంటు వచ్చిన కాసేపట్లో రైతులు మోటార్లన్నీ ఒక్కసారే వేసేవాళ్లు. ఫ్యూజు తీగ తెగిపోయేది. అది సన్నగా ఉండేదే అందుకు. లోడు ఎక్కువైతే తాను తెగి టీసీని కాపాడుతుంది. ఆ రోజు లైన్‌మన్ హనుమంతు సన్న తీగ బదులు లావు తీగ కట్టాడు. తీగ తెగలేదు, టీసీ కాలింది. కొత్తది వచ్చేలోపు చేలు ఎండిపోయాయి.

అతన్ని సస్పెండ్ చేసి చార్జిషీటు, అంటే ఆరోపణల పత్రం, ఇచ్చారు. నిజానికి లావు తీగ కట్టమన్నది మా జేఈ, అంటే జూనియర్ ఇంజనీరు. నోటిమాటగా చెప్పి, తర్వాత చెప్పనే లేదన్నాడు. హనుమంతుది గొర్రెలు కాచుకున్న కుటుంబం. ఆ ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం అతనిదే. అది పోయేలా ఉంది.

అతని కోసం ఎదురుచూశాను. రాలేదు. మధుగిరి నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన అకౌంట్స్ గుమాస్తా లలితమ్మ దగ్గరికి వెళ్లాడని టీ అంగట్లో తెలిసింది. ఆమెదీ మా యూనియనే, కానీ ఏనాడూ స్తంభం కింద నిలబడి ఎరగదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆఫీసు వరండాలో వాళ్ల మాటలు నా చెవిన పడ్డాయి.

"తప్పయిందని రాసిస్తే వదిలేస్తాడంట జేఈ. రాయల్నా అక్కా?"

"వద్దు. దేనిమీదా సంతకం పెట్టద్దు. జవాబు ఇచ్చేదానికి గడువు అడుగుదాం."

"ఉద్యోగం ఉంటాది కదక్కా?"

"తెలీదప్పా. తుమకూరులో యూనియన్ లాయరు ఉండాడు. పోయి కనుక్కోనొచ్చి చెప్తా."

నేనైతే "నేనుండా, నీకేం కాదు పో" అనేవాణ్ణి. తెలీదని చెప్పే మనిషిని నమ్ముకుని నన్ను వదిలేశాడా అనుకున్నాను.

డొమెస్టిక్ ఎంక్వయిరీ పెట్టారు. అది శాఖ లోపల జరిగే విచారణ. అందులో ఉద్యోగి తన తరఫున మాట్లాడేందుకు ఒక తోటి ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. ఆ మనిషిని డిఫెన్స్ అసిస్టెంట్ అంటారు. అంతకుముందు మా ఆఫీసులో ఆ కుర్చీ ఎప్పుడూ నాదే. హనుమంతు లలితమ్మ పేరు ఇచ్చాడు.

ఆ తర్వాత ఆమే నా దగ్గరికి వచ్చింది. "నారాయణన్నా, జేఈ చెప్పినప్పుడు ఆడ ఈరన్న అనే రైతు ఉండినాడంట. మంగళవాడలో మీకు తెలియనోళ్లు లేరు. ఒకసారి మాట్లాడతారా?"

కష్టం నాది, పేరు ఆమెదా అనుకున్నాను. అయినా వెళ్లాను. ఈరన్న నోరు విప్పించిన గొప్పయినా నాకు దక్కుతుందని.

ఈరన్న ఎండిన వేరుశనగ చెట్లను పశువుల మేతకు పీకుతున్నాడు. జేఈ మాట విన్నావా అని అడిగితే తలెత్తకుండానే, "నాకేం తెల్దప్పా" అన్నాడు.

"హనుమంతు ఉద్యోగం పోతాది ఈరన్నా."

అప్పుడు లేచి నిలబడ్డాడు. "నువ్వు తిరిగేది ఆ జేఈ జీపులోనే కదప్పా? నీకు చెప్పిన మాట ఆయప్ప చెవిలో పడదని ఏం నమ్మకం? రేపు నా బోరుకు కరెంటు పీకేస్తే నువ్వొచ్చి నీళ్లు పోస్తావా?"

"అది డ్యూటీ ఈరన్నా" అన్నాను.

"డ్యూటీయో ఏందో. చూసేవాళ్లకి ఎట్ల తెలుస్తాది?"

హనుమంతు నా గడప ఎందుకు తొక్కలేదో ఆ ఎండలో నిలబడి తెలుసుకున్నాను. తెలిసినా మంట తగ్గలేదు. పళ్ల బిగువున అడిగాను: "లలితమ్మకైతే చెప్తావా?"

"హనుమంతు చెప్పినాడు ఆయమ్మ సంగతి. జేఈ ముందరనే, నువ్వు చేసింది తప్పు సార్ అనిందంట కదా. ఆయమ్మకైతే చెప్తా."

ఈరన్నను సైకిలు క్యారియర్ మీద ఎక్కించుకుని లలితమ్మ దగ్గరికి తొక్కాను. ఆమె అతన్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. నా సైకిలు మీద వచ్చిన మనిషి, నాకు చెప్పని మాటలన్నీ ఆమెకు గడగడా చెబుతున్నాడు.

విచారణ రోజు వరండాలో కిటికీ పక్కన నిలబడి విన్నాను.

"తెగని తీగ కట్టు, ఊరికే ఊరికే రాలేనని ఈయప్పే చెప్పినాడు స్వామీ. నేను ఆ టీసీ కాడనే ఉంటిని" అన్నాడు ఈరన్న, ఎదురుగా కూర్చున్న జేఈని చూపిస్తూ. రైతులకు తనంటే పడదు, అందుకే అబద్ధం చెబుతున్నాడన్నాడు జేఈ.

లలితమ్మ ఒక్కటే అడిగింది. "ఈ మాట చెప్తే నీకేమన్నా లాభం ఉండాదా ఈరన్నా?"

"లాభమా తల్లీ? రేపు కరెంటు కోసరం ఈయప్ప కాళ్ల కాడికే కదా నేను పోవల్ల."

లలితమ్మ ఇంకేమీ అడగకుండా కూర్చుంది. నేనైతే అక్కడ అరగంట ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

పెద్ద ఆరోపణ రుజువు కాలేదు. రాతపూర్వక ఆదేశం లేకుండా పని చేసినందుకు మందలింపుతో సరిపెట్టి హనుమంతును మళ్లీ పనిలోకి తీసుకున్నారు. అతను మైసూర్‌పాక్ తెచ్చాడు. మొదటి ముక్క లలితమ్మకు ఇచ్చి, రెండోది నా చేతిలో పెట్టాడు. "నువ్వు ఈరన్నను పిలుచుకోని రాకుంటే నా పని అయిపోయేదన్నా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నాకు మాత్రం అది రెండో ముక్కగానే కనిపించింది.

సలహా ఇచ్చేవాడికి రూల్సు తెలిసుండటం సగమే. తన మాట అధికారి దాకా పోదని అడిగేవాడికి నమ్మకం కలగాలి. తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినవాళ్లను అడిగి వచ్చే ఓపిక ఉండాలి. తర్వాత యూనియన్‌లో చేరిన ప్రతి కుర్రాడికీ నేను ఇదే చెప్పాను. ఎవరిని చూసి నేర్చుకున్నానో కూడా చెప్పాను. బదిలీ అయి వెళ్లిపోయేదాకా రోజూ ఎదురుపడిన లలితమ్మతో మాత్రం ఆ మాట అనలేదు. అంత మనసు నాకు రాలేదు.