పెట్టెలో బిల్టీ

ఆ రోజుల్లో రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా కొలువంటే మాటలా! చేరి ఏడాదైనా నిండలేదు, నేను మాత్రం గూడ్సు కాగితాల భాష తప్ప మరొకటి మాట్లాడడం మానేశాను. సరుకు పంపేవాడెవడు, అందుకునేవాడెవడు, పెట్టె బరువెంత, లోపలి సరుకు బరువెంత, దారిలో పగిలితే పూచీ ఎవరిది అని అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి. అన్నిటికన్నా ముఖ్యం బిల్టీ, అంటే సరుకు బుక్ చేసినప్పుడు మేమిచ్చే రసీదు. అది చూపినవాడికే సరుకు. "బిల్టీ లేకుంటే నైజాం సర్కారు దిగొచ్చినా ఇయ్య" అని రోజుకు నాలుగుసార్లైనా అనేవాణ్ణి (ఆ సర్కారు పోయి అప్పటికే పదేళ్లు దాటింది).

చెన్నూరు పిల్లతో నా పెళ్లి కుదిరింది. పెళ్లికూతురి పట్టుచీర, మా అందరి బట్టలు ఉన్న ఇనుప పెట్టెను వెంట తీసుకుపోదామన్నాడు మా బాపు (మా నాయన). గూడ్సు గుమాస్తానై ఉండి పెట్టె మోయడమా? నామోషీ అనిపించి గూడ్సులో బుక్ చేశాను. పంపేవాడి పేరూ నాదే, అందుకునేవాడి పేరూ నాదే. "నువ్వే పంపి నువ్వే తీస్కునుడేందిరా? నెత్తిన పెట్టుకుంటే ఒడుస్తుండె గదా" అన్నాడు బాపు. ఆయనకు రూల్సు తెలియవని జాలిపడ్డాను. బిల్టీ జేబులో ఉంటే ఎక్కడ పోతుందోనని, పెట్టె ఇంకా మా షెడ్డులోనే ఉంది కదా అని, తాళం తీసి పట్టుచీర మడతలో భద్రంగా దాచి మళ్లీ తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. అంత జాగ్రత్త మనిషిని!

పెళ్లికి ముందురోజు పొద్దున నేనూ బాపూ చెన్నూరుకు దగ్గరి స్టేషనులో దిగేసరికి కాబోయే మామ ఎడ్లబండితో సిద్ధంగా ఉన్నాడు. పెట్టె షెడ్డులో ఎదురుగానే కనిపిస్తోంది. అక్కడి గుమాస్తా, మీసాలాయన, చెయ్యి చాచాడు.

"బిల్టీ?"

"పెట్టెల ఉన్నది."

"ఏ పెట్టెల?"

వేలితో చూపించాను. ఆయన పెట్టె వైపు చూసి, నా వైపు చూశాడు.

"తాళంచెవి నా దగ్గర్నే ఉన్నది సారు, జర తెరిచి తీసిస్త."

"నేను అప్పజెప్పేదాక తెరువనియ్య. బిల్టీ లేకుంటే నైజాం సర్కారు దిగొచ్చినా ఇయ్య."

అచ్చంగా నా మాటే (కొలువుతోపాటే ఈ మాట కూడా ఇస్తారు కాబోలు). తెల్లారితే ముహూర్తం. నా తెలివికి ఆ పిల్ల పట్టుచీర లేకుండా పీటల మీద కూర్చుని నలుగురిలో నవ్వులపాలవుతుందే అని నిజంగా భయం వేసింది.

ఒక్కటే తొవ్వ ఉన్నదన్నాడు మీసాలాయన. ఊళ్లో పేరున్న పెద్దమనిషి ఎవరైనా నా తరఫున జమానతు, అంటే పూచీకత్తు, రాసివ్వాలట. మామ ముందుకొచ్చాడు.

"మా అల్లుడే సారు."

"పెండ్లి రేపు గదా. ఇయ్యాల్టికి ఏమైతడు?"

మామ జమానతు కాగితం అందుకుని కూడబలుక్కుంటూ పైకి చదివాడు. ఈ మనిషి వల్ల ఎప్పుడు ఏ నష్టం వచ్చినా నేనే జవాబుదారీ అని ఉంది అందులో. నన్ను ఎగాదిగా చూశాడు. "గీ కాగితం కంటే పిల్లనిచ్చుడే అల్కగ ఉండె" అంటూ సంతకం చేశాడు.

చీర అందింది, పెళ్లి జరిగింది. ఆ తర్వాత మామ మా ఇంటికి ఎప్పుడు వచ్చినా కాళ్లు కడుక్కోకముందే కూతురిని అడిగేవాడు. "జమానతు రాసిచ్చిన బిడ్డా, నష్టమేమన్న వచ్చిందా?" ఆమె నా వైపు చూసి నవ్వుతూ "ఇంకా చూస్తున్న బాపు" అనేది. ఏళ్ల తరబడి అదే ప్రశ్న, అదే జవాబు. ఆయన మంచం పట్టాక చివరిసారి అడిగినప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుని "రాలే బాపు" అంది. ఇప్పటికీ ప్రయాణమంటే నేను జేబులు నాలుగుసార్లు తడుముకుంటాను. ఆమె చూసి నవ్వుతుంది. అడగడానికి మామే లేడు.