ఇంటి లోనుకు ఎనిమిది రిహార్సళ్లు

రిటైర్డ్ హవల్దార్ పరశురాములుకు రిహార్సల్ లేనిదే ఏ పనీ చేతకాదు. ఇరవై రెండేళ్లు సైన్యంలో ఉండి వచ్చినవాళ్లు కొందరు మీసం తెచ్చుకుంటారు, కొందరు ట్రంకు పెట్టె తెచ్చుకుంటారు, కొందరు మోకాళ్ల నొప్పులు తెచ్చుకుంటారు. ఈయన ఈ మూడింటితో పాటు రిహార్సల్ కూడా తెచ్చుకున్నాడు. కోరుట్లలో ఆయన అద్దెకుండే వాడకట్టు మొత్తానికి ఈ సంగతి తెలుసు. సంచులు పట్టుకుని బస్టాండు దిక్కు పోతుంటే "సారూ, గిది అసలుదా, రిహార్సలా" అని అడిగాకే నమస్తే పెట్టేవారు.

"నేను గీయనకు రెండో పెళ్లాన్ని" అంటుంది ఆయన భార్య మంజుల, కొత్తగా పరిచయమైన వాళ్లతో. వాళ్లు నోరు తెరిచాక తీరిగ్గా చెబుతుంది. "మొదటిది మా అత్తగారింట్ల గుంజ. పెండ్లికి ముందురోజు దానికి పసుపుతాడు కట్టి నేర్చుకున్నడు. ఇరవై సార్లు కట్టిండట. నాకు ఒక్కసారే."

కొండగట్టు ప్రయాణమైతే చెప్పనే వద్దు. శనివారం పోవాలంటే శుక్రవారమే అందరూ స్నానాలు చేసి, పులిహోర డబ్బా సర్ది, బస్టాండుకు పోయి నిలబడాలి. బస్సు వచ్చేది, ఆయన గడియారం చూసుకునేవాడు, బస్సు పోయేది, వీళ్లు ఇంటికి వచ్చి పులిహోర తినేవారు. ఒకసారి శనివారం నాడు పొద్దెక్కేదాకా నిలబడ్డా బస్సు జాడ లేదు. "రిహార్సల్‌కు మంచిగ అచ్చింది, అసలుకు రాలే. దీనికి డిసిప్లిన్ లేదు" అని బస్సును తిట్టాడు తప్ప తనను తాను ఒక్క మాట అనుకోలేదు.

సిరిసిల్ల నుంచి అత్తగారు వస్తున్నదని తెలిసినప్పుడు పక్కింటి టైలర్ ఎహసాన్‌ను పిలిచి, తల మీద శాలువా కప్పి, అత్తగారిని చేశాడు. ఎహసాన్ కూడా తక్కువవాడు కాదు, నడుము పట్టుకుని మూలుగుతూ గడప దాటాడు. పరశురాములు వంగి, "అత్తా, దండం. బస్సుల సీటు దొరికిందా" అన్నాడు. "యాడిది అల్లుడా, నిలబడే అచ్చిన" అన్నాడు గడ్డపు అత్త. అప్పుడే వాకిట్లో నుంచి, "మరి నేనెవర్ని బిడ్డా" అని మంజులను అడిగింది అసలు అత్త. ఆమె ఒకరోజు ముందే బస్సు ఎక్కేసింది. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ఆమె ముందుగా ఎహసాన్ దుకాణంలోకి తొంగి చూసి, తన పాత్ర ఖాళీగా ఉన్నదో లేదో కనుక్కుని వచ్చేది.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉండేవి. కానీ ఈ మధ్య మంజులకు నవ్వు రావడం మానేసింది. ఇంటి ఓనరు లక్ష్మీరాజం వచ్చి, "చెల్లె, దసరా తర్వాత పోరని పెండ్లి పెట్టుకున్నం. దసరా వరకు పోర్షన్ ఖాళీ చెయ్యాలె" అని చెప్పిపోయాడు. ఇది వాళ్లకు ఏడో అద్దె ఇల్లు. ఎనిమిదో ఇంటికి సామాను మోసే ఓపిక మంజులకు లేదు. ఊరి చివర నూట యాభై గజాల జాగ కొని ఆరేళ్లయింది. దాంట్లో ఇప్పటిదాకా లేచినవి తుమ్మ మొక్కలే.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. జగిత్యాలలో మాజీ సైనికులకు, వాళ్ల కుటుంబాలకు ఇంటి లోన్ల మేళా. ఆ రోజు ఫైలు ఇస్తే ఫీజు లేదు, వడ్డీలో కొంత తగ్గింపు. మళ్లీ మేళా వచ్చే ఏడాదే.

"పది రోజులే ఉన్నది" అన్నది మంజుల. "ఈసారి రిహార్సల్ గిహార్సల్ అనకుంట సక్కగ బ్యాంకుకు పోయి, ఏమేం కాగితాలు గావాల్నో అడిగి రా."

పెళ్లాం మాట విన్న పాపానికి పరశురాములు జీవితంలో మొదటిసారి రిహార్సల్ లేకుండా ఒక ఆఫీసు మెట్లెక్కాడు. కోరుట్ల బ్రాంచిలో ఇంటి లోన్లు చూసే మేడం పేరు మిస్బా. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "సార్, ముందుగాల మీ సిబిల్ స్కోర్ చూస్త" అన్నది.

ఆయన చెవికి అది 'సివిల్' అని వినిపించింది.

"నాకు సివిల్ లేదు మేడం. నాది మొత్తం మిలట్రీనే."

"అందరికి ఉంటది సార్."

"మిలట్రోళ్లకు ఉండది."

"మీరు బండిగాని, ఫ్రిజ్‌గాని కిస్తుల మీద కొన్నరా?"

"కొన్న. మిలట్రీ పైసల్తోనే కొన్న."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. పరశురాములు ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. తెల్లారి సైన్యం ఇచ్చిన డిశ్చార్జి బుక్కు చంకలో పెట్టుకుని మళ్లీ పోయి, ఆమె బల్ల మీద తెరిచి పెట్టాడు. "చదువుండ్రి మేడం. కారెక్టర్ ఎగ్జంప్లరీ. సివిల్ల ఇంతకంటె ఎక్కువ స్కోర్ ఎవనికున్నది?"

మిస్బా నవ్వలేదు. అందుకు ఆమెకు దండం పెట్టాలి. కంప్యూటర్ ఆయన వైపు తిప్పి, "సివిల్ కాదు సార్, సిబిల్. తీస్కున్న అప్పు టైముకు కట్టిర్రా లేదా అని చెప్పే నంబరు. మీది ఏడు వందల ఎనభై. మంచిగున్నది" అన్నది.

"ఎంతల?"

"తొమ్మిది వందలల."

"మరి నూట ఇరవై ఎందుకు కోసిర్రు?"

మిస్బా కంప్యూటర్‌ను మళ్లీ తన వైపు తిప్పుకుంది.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని పరశురాములు తన ముచ్చట తనే చెప్పుకున్నాడు. ఎహసాన్ కడుపు పట్టుకుని నవ్వాడు. మంజుల కూడా నవ్వింది. నవ్వనిది ఒక్క ఐలమ్మ. ఐలమ్మది వెనక గల్లీ. సిపాయిగా చేసిన భర్త హన్మండ్లు పోయి నాలుగేళ్లయింది. ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, బీడీలు చుడుతుంది. పోయిన వానకాలంలో ఇంటి వెనక గోడ కూలితే ప్లాస్టిక్ కవరు కట్టుకుని అందులోనే ఉంటున్నది. పెన్షన్ తీసుకోవడానికి పోయినా బ్యాంకు గడప దాటదు. బయట నిలబడి పాస్‌బుక్కు గార్డు చేతికిస్తుంది.

"సారూ, దేశమంత తిరిగినోనివి, నీకే గట్లయితే నా అసొంటిది పోతె ఏమైతదో" అన్నది ఐలమ్మ. "ఆఫీసరు మొఖం చూస్తేనే నాకు నాలుక తడారిపోతది."

పరశురాములు మీసం దువ్వుకున్నాడు.

తెల్లవారి ప్రకటన వెలువడింది. మేళాకు ఎనిమిది రోజులున్నది కాబట్టి ఎనిమిది రిహార్సళ్లు. మంజుల మిస్బా మేడం. ఎహసాన్ మేనేజరు, అదీ కోపిష్టి మేనేజరు. కుట్టు మిషనే బ్యాంకు బల్ల. "ఇగ ఐలక్క నా పాత్ర చేస్తది" అన్నాడు పరశురాములు.

మంజులకు ఒళ్లు మండింది. "లోను నీకా, ఆమెకా?"

"నేనే చేస్తే నా తప్పులు నాకెట్ల కనవడ్తయి? గందుకే నేను పక్కన నిలబడి చూస్త."

ఐలమ్మ ముసిముసిగా నవ్వుకుంటూ కుర్చీ అంచున కూర్చుంది.

"పేరు?" అన్నది మంజుల.

"హవల్దార్ పరశురాములు" అన్నది ఐలమ్మ, పైట నోటికి అడ్డం పెట్టుకుని. వాడకట్టు పిల్లలంతా గోడెక్కారు.

మొదటి రోజు ఆమె నేల చూపులే చూసింది. మూడో రోజుకు కుర్చీ నిండా కూర్చుంది. నాలుగో రోజు ఎహసాన్ కళ్లు ఉరిమి, "కాగితం తక్కువున్నది. మల్ల రా" అన్నాడు. ఐలమ్మ గబుక్కున లేచింది.

"అక్కా, లేవద్దు" అని అరిచాడు పరశురాములు. "మల్ల రా అంటే రావద్దు. కూసోవాలె. ఏం కాగితమో రాసియ్యుండ్రి అనాలె."

ఆరో రోజున మంజుల సిబిల్ స్కోర్ అడిగితే, "చూస్కోండ్రి మేడం. మరి మీదెంత?" అని ఐలమ్మ ఎదురు ప్రశ్న వేసింది. మంజుల నవ్వాపుకోలేక మిషను మీద వాలిపోయింది. అయినా రాత్రి లెక్కపెట్టుకుంటే భయంగానే ఉండేది. లోను తీసుకోవాల్సిన మనిషి ఇన్ని రోజులుగా ఒక్క జవాబూ చెప్పలేదు. ఈ మేళా తప్పితే దసరాకు మళ్లీ ఎవరి గోడల మధ్యకో పోవాలి.

మేళా నాడు జగిత్యాల ఫంక్షన్ హాలు మీసాలతో నిండిపోయింది. ఐలమ్మ కూడా బస్సులో వెంట వచ్చింది. అసలు ఆట చూడటానికి కాబోలనుకున్నది మంజుల. టోకెన్ పిలిచారు. పరశురాములు లేవలేదు.

"పో అక్కా" అన్నాడు.

"గది మన టోకెన్" అని మంజుల ఆయన్ని గిల్లింది.

"మనది దీని తర్వాతది. పో అక్కా, ఏం గాదు. తొమ్మిదో రిహార్సల్ అనుకో."

ఐలమ్మ చేతిసంచిలో నుంచి ఫైలు తీసింది. అది ఆమె ఫైలు. ఫోటో, పెన్షన్ కాగితం, ఇంటి జాగ కాగితం, సిరిసిల్లలో మగ్గాల మీద పనిచేసే కొడుకు సంతకం, అన్నీ నంబర్లు వేసి ఉన్నాయి. ఆ నంబర్లు ఎవరి చేతిరాతో మంజులకు చూడగానే తెలిసిపోయింది.

"పేరు చెప్పమ్మా" అన్నది మేళా డ్యూటీకి వచ్చి బల్ల అవతల కూర్చున్న మిస్బా.

"హవల్దార్ పర..." ఐలమ్మ నాలుక కరుచుకుంది. "కాదు మేడం. ఐలమ్మ. సిపాయి హన్మండ్లు భార్యను."

అంతే, ఇక తడబడలేదు. పెన్షన్ ఎంతో చెప్పింది, కూలిన గోడ పొడవెంతో చెప్పింది. స్కోర్ అడిగితే, "సెల్‌ఫోను ఒక్కటే కిస్తుల కొన్న. ఒక్క కిస్తు సుత ఆపలే" అన్నది. మంజులకు గర్వం ముంచుకొచ్చింది. ఈ జవాబులన్నీ అడిగి రాబట్టింది తనే కదా మరి.

తర్వాత వంతు పరశురాములుది. ఆయన ఫైలు పక్క బల్ల దగ్గర మేనేజరు కరుణాకర్ చూశాడు. జాగ పాత డాక్యుమెంట్ జిరాక్సులో చివరి పేజీ లేదు. "పేజీ తక్కువుంది. తర్వాత రండి" అన్నాడు తల ఎత్తకుండా.

పరశురాములు లేచి నిలబడ్డాడు. మడమలు దగ్గరికి చేర్చి, "రైట్ సర్" అని, వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్లు ఆర్డరు విన్న కాళ్లవి, ఆఫీసరు పొమ్మంటే ఎందుకని అడగవు.

"సారూ, యాడికి?" అన్నది ఐలమ్మ. గొంతు హాలంతా వినిపించింది. "కూసో ముందుగాల."

ఆయన కూర్చున్నాడు. ఐలమ్మ మేనేజరు వైపు తిరిగింది. "అయ్యా, ఏం కాగితమో, ఎప్పటిదాక ఇయ్యాల్నో రాసియ్యుండ్రి. ఫైలు తీస్కొని నంబరు ఇయ్యుండ్రి."

కరుణాకర్ తల ఎత్తి, ఆమెను చూసి, కళ్లద్దాలు సర్దుకున్నాడు. చీటీ మీద పేజీ సంగతి రాశాడు. సోమవారం కోరుట్ల బ్రాంచిలో ఇస్తే చాలన్నాడు. నంబరు ఇచ్చాడు.

బయట చాయ్ బండి దగ్గర మంజుల మొగుణ్ని పట్టుకుంది. "రిహార్సల్ ఆమెకని నాకన్న చెప్పొద్దా?"

"ఆమెకే అని చెప్తే ఆమె రాకపోతుండె. నా పాత్రంటే నవ్వుకుంట చేసింది."

"మరి నాకు?"

"నీకు తెలుస్తే నువ్వు జాలిపడ్తవు. గంత గట్టిగ అడుగవు."

"మరి నీ జవాబుల సంగతేంది?"

"మర్చిపోయిన" అన్నాడు పరశురాములు, చాయ్ ఊదుకుంటూ. మంజులకు కోపమూ వచ్చింది, ఆయన మీద ప్రేమా పొంగింది. రెండింటికీ కలిపి ఇంకో చాయ్ చెప్పింది.

ఎండలు ముదిరేసరికి రెండు లోన్లూ వచ్చాయి. ఆనంద్ మేస్త్రీతో మాట్లాడుకున్నారు. పునాదికి ముగ్గు పోసే రోజు మంజుల పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయ, పసుపు కుంకుమలు పళ్లెంలో పెట్టుకుని బయల్దేరింది. పరశురాములు ఊరి చివరికి పోకుండా వెనక గల్లీలోకి తిరిగాడు. అక్కడ ఐలమ్మ ఇంటి వెనక ఆనంద్ మనుషులు తాడు పట్టుకుని సున్నంతో గీతలు పోస్తున్నారు.

"మనది గాదా?" అన్నది మంజుల.

"మనది తర్వాత. ముందుగాల గీడ ఒకసారి చేసి చూద్దామని" అన్నాడు పరశురాములు, ఎటో చూస్తూ. "రిహార్సల్."

మంజుల లెక్క వేసుకుంది. మేస్త్రీ ఒక్కడే. నెలన్నరలో వానలు. ఇది ముందు లేస్తే తమది దసరాకు అందదు. లక్ష్మీరాజాన్ని రెండు నెలల గడువు అడగాలి, లేకపోతే ఎనిమిదో ఇల్లు వెతకాలి. గాలికి ప్లాస్టిక్ కవరు టపటపా కొట్టుకుంటున్నది. మొగుడు ఇంకా ఎటో చూస్తూనే ఉన్నాడు.

ఆమె పళ్లెం తీసుకుపోయి ఐలమ్మ చేతిలో పెట్టింది.

"మేస్త్రీ" అని ఆనంద్‌ను పిలిచింది. "మా సారుకు సగం రిహార్సల్ నచ్చది. స్లాబ్ దాక చెయ్యుండ్రి."