నీళ్లలో జోడీ

చెన్నై సౌకార్‌పేటలో లేసులూ గుండీలూ టోకున అమ్మే కొట్టు కస్తూరి వాళ్లది. ఆమెకు నలభై దాటినా పెళ్లి కాలేదు. ఎవరైనా అడిగితే తల్లి కాంచనమ్మే "దానికి ఇష్టం లేదులే" అని పంపేసేది. ఎందుకు ఇష్టం లేదో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. కస్తూరీ చెప్పలేదు.

మగవాళ్లను ప్రేమించే మగవాళ్లూ, ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లూ కలిసి నీలాంగరై దగ్గర కడలి లోతుల్లోకి దిగే డైవింగ్ క్లబ్బు ఒకటుందని ఆమె ఫోనులో చూసింది. చాలాకాలం ఊరికే చూస్తూ ఉండిపోయింది. ఒక ఆదివారం, ఇంట్లో గుడికని చెప్పి ఆటో ఎక్కింది.

క్లబ్బు నడిపే ముత్తురాజ్ ముందు ఈతకొలనులో నేర్పాడు. సముద్రంలో మాత్రం ఎవరూ ఒంటరిగా దిగకూడదు, జోడీ ఉండి తీరాలి అన్నాడు. కస్తూరికి జోడీగా కుదిరింది వాషర్‌మెన్‌పేట్‌లో ఉండే రంజిత. కీళ్లనొప్పులవాళ్లకు వ్యాయామాలు చేయించే ఉద్యోగం ఆమెది. మాటకారి.

"ఏం భయంప్పా, నేను పక్కనే ఉండా కదా," అంది.

అయినా మొదటిసారి కస్తూరి బెదిరిపోయి పైకి వచ్చేసింది. రెండోసారి రంజిత చేయి పట్టుకుంది. పడవ నుంచి దించిన తాడు వెంబడి ఇద్దరూ మెల్లగా దిగారు. పైనున్న ఎండ కిందికి వచ్చేసరికి లేతాకుపచ్చగా కరిగిపోయింది. హారన్లు లేవు, బేరాలు లేవు, తన ఊపిరి తనకే వినిపిస్తోంది. పసుపు చారల చేపల గుంపొకటి ఎదురొచ్చి, రెండుగా చీలి, వాళ్లను చుట్టి మళ్లీ ఒకటైపోయింది. రంజిత వేళ్లతో సున్నా చుట్టి, బాగున్నావా అని సైగ చేసింది. ఆ ప్రశ్నకు కస్తూరి ఎన్నోసార్లు ఎందరికో బాగున్నానని చెప్పింది. నిజంగా బాగుండి చెప్పడం అదే మొదలు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ కలలో నడిచినట్టు గడిచాయి. ఒడ్డున ఎంతో మాట్లాడే రంజిత, పడవ ఎక్కేటప్పుడు కస్తూరి కళ్లలోకి చూడ్డానికి సిగ్గుపడేది. నీళ్లలోకి దిగాక చేయి వదిలేది కాదు.

ఒకరోజు కాంచనమ్మ కూతురి తల దువ్వుతూ ఆగిపోయింది.

"ఏ గుళ్లోనే జుట్టుకు ఇంత ఉప్పు పట్టేది?"

కస్తూరి అబద్ధం వెతుక్కోలేకపోయింది. క్లబ్బు సంగతీ, రంజిత సంగతీ అంతా చెప్పేసింది. కాంచనమ్మ జడ పూర్తిచేసి, లేచి వంటింట్లోకి వెళ్లింది. అన్న వెంకట్రామ్ ఆ సంగతి విని, భోజనం మధ్యలో చేయి కడిగేసుకున్నాడు.

కొన్నాళ్లకు ఒక ఆదివారం పొద్దున కాంచనమ్మ చీర మార్చుకొని గుమ్మంలో నిలబడింది.

"పద. ఆడేముందో నేనూ చూస్తా."

పడవలో ఆమె కొంగు నడుముకు దోపి కూర్చుంది. రంజిత గాలి సిలిండరు తగిలించుకుంటుంటే పిలిచింది.

"నువ్వేనామ్మా మా పిల్ల చేయి పట్టుకొని లోపలికి పొయ్యేది?"

"అవును మా," అంది రంజిత.

"అది చిన్నప్పటినుంచీ పిరికిది. వదలబాకు."

ఇద్దరూ వెనక్కి వాలి నీళ్లలోకి పడ్డారు. దిగుతూ దిగుతూ కస్తూరి తలెత్తి చూసింది. పడవ అడుగు నల్లని ఆకులా తేలుతోంది. దాని పక్కన నీళ్లలోకి ఒక ముఖం వంగి ఉంది. నిచ్చెన పట్టుకొని, ముత్తురాజ్ ఇచ్చిన అద్దాల మాస్కు పెట్టుకొని, ఊపిరి బిగబట్టి కాంచనమ్మ చూస్తోంది. చెవి కమ్మ తళుక్కుమంది. కస్తూరి చేయి ఊపింది. పైనుంచి ఒక గాజుల చేయి నీళ్లలోకి దిగి, తడబడుతూ ఊగింది.

వెంకట్రామ్ ఇంకా ఆ సంగతి ఎత్తడు. రంజిత మాత్రం ఇప్పుడు ఆ ఇంటికి వస్తూ పోతూ ఉంది. ఆమె వచ్చిన రోజుల్లో కాంచనమ్మ వంటింట్లోంచే కేకేసి, ఈరోజు ఏ రంగు చేపలు కనపడ్డాయో చెప్పమంటుంది.