మెస్సు పెద్దమ్మ అన్నం లేదన్న రోజు

నా చిన్నప్పుడు, మేము కన్నడం మాట్లాడే చందాపురలో ఉన్నప్పుడు, మా అమ్మ పోయాక కొన్ని నెలలపాటు మా ఇంట్లో స్టవ్వు వెలగలేదు. కామెర్లని ఆస్పత్రిలో చేర్చిన వారానికే అమ్మ వెళ్ళిపోయింది. కదిరి నుంచి వచ్చిన బంధువులు పెద్దకర్మ దాకా ఉండి, వండిపెట్టి, ఎవరి బస్సు వాళ్ళు ఎక్కారు. మిగిలింది మా నాన్న, నేను, ఇంకా బడికి పోని మా తమ్ముడు. నాన్న ఫ్యాక్టరీకి పోతే పక్కింటి అక్క పగలంతా తమ్ముణ్ణి చూసుకునేది. రాత్రికి మాత్రం మెస్సే గతి.

ఆ మెస్సు జంక్షన్‌కు కాస్త లోపలి సందులో ఉండేది. ఒక ఇంటి ముందు గదిలో నాలుగు బల్లలు, వెనక వంటిల్లు, అంతే. షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ వాళ్ళంతా అక్కడికే వచ్చేవాళ్ళు. నడిపే ఆవిడది హిందూపురం వైపు. వయసులో పెద్దది, భర్త లేడు, గొంతు గట్టిది. అందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్ళు. తమ్ముడికి అన్నం మెత్తగా పిసికి, కారం లేకుండా చారు పోసేది. నాకు ఆమె అంటే ఇష్టం ఉండేది.

ఆ రోజుల్లో మా నాన్న మాట్లాడేవాడు కాడు. తిట్టడు, కొట్టడు, తాగడు. ఊరికే ఉండేవాడు. ఒకసారి మెస్సులో తింటూ "అమ్మ అయితే ఇందులో..." అని నేనేదో అనబోతే, కంచం ముందు నుంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆ తరువాత నేను ఇంట్లో అమ్మ మాట ఎత్తలేదు. తమ్ముడికి కూడా ఎత్తొద్దని చెప్పాను. వాడు కొన్నాళ్ళు అడిగాడు, తరువాత మానేశాడు. వాడు మానేసిన రోజు నాకెంత భయమేసిందో ఇప్పటికీ చెప్పలేను.

అప్పుడే కదిరిలోని మా మేనత్త కబురు పంపింది, పిల్లవాణ్ణి తన దగ్గర పెంచుతానని. నాన్న సరేనన్నాడు. నన్ను అడగలేదు. పక్కింటి అక్క తమ్ముడి బట్టలు మడత పెడుతుంటే నాకు తెలిసింది. మెస్సు పెద్దమ్మకు కూడా ఆమే చెప్పిందనుకుంటాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మేము మెస్సుకు పోతే పెద్దమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"మీకు ఈ పూట అన్నం లేదప్పా," అంది.

లోపల జనం తింటూనే ఉన్నారు. అందరూ తలెత్తి మా వైపు చూశారు. నాకు చెవులు వేడెక్కాయి. అమ్మ లేని పిల్లలకు అన్నం లేదంటుందా అని ఆమెను అసహ్యించుకున్నాను. నాన్న మా చేతులు పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"పొమ్మన్లేదప్పా నేను. వంటాయన ఊరికి పోయినాడు. ఇంతమందికి నా ఒక్క చెయ్యి యాడ చాలుతాది? లోపలికి రా, చెయ్యి సాయం చేసి తినుపో," అంది పెద్దమ్మ.

నాన్న చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. మేమిద్దరం వంటింటి గడప మీద కూర్చున్నాం. ఆమె ఆయన చేతికి పప్పుగుత్తి ఇచ్చింది. ఉడికిన కందిబేడల గిన్నె ముందు పెట్టి ఎనపమంది. ఆయనకు చేతకాలేదు. గిన్నె జారేది, పప్పు చేతుల మీద చిందేది. ఆమె నవ్వలేదు, గిన్నె తను అందుకోలేదు. పొయ్యి మీద బాణలి పెట్టి, తాలింపుకు నూనె పోసి, అటు తిరిగే అడిగింది.

"మీ ఇంట్లో తిరగవాత ఎట్ల పెడతా ఉండ్రి?"

నాన్న చెయ్యి ఆగింది. ఇక లేచి వెళ్ళిపోతాడని నేను తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు.

"తెల్లగడ్డలు దంచి ఏసేది," అన్నాడు నాన్న చివరికి. "నల్లగ అయ్యేదాకా దించేది కాదు. మాడిపాయ గదా అని రోజూ కొట్లాడేవాణ్ణి."

"ఎవురు?" అన్నాడు తమ్ముడు.

నాన్న వాడి వైపు తిరిగాడు. మొహమంతా తడిసిపోయి ఉంది.

"మీ అమ్మ రా," అన్నాడు.

పెద్దమ్మ వెల్లుల్లి రెబ్బలు దంచి ఆయన చేతికే ఇచ్చింది. ఆయనే వేశాడు, ఆయనే మాడ్చాడు. ఆ రాత్రి మేము వంటింట్లోనే కూర్చుని ఆ పప్పు తిన్నాం. అది అమ్మ పప్పులా లేదు. తింటున్నంతసేపూ నాన్న ఒక్కో మాటా చెప్తూనే ఉన్నాడు. పెళ్ళయిన కొత్తలో అమ్మకు కన్నడం రాక కూరగాయల బండి వాడితో సైగలు చేసిందట. తమ్ముడు మెతుకు నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి విన్నాడు.

తిరిగి వస్తుంటే ఎదురుగా టీ అంగడి బల్ల మీద మెస్సు వంటాయన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఊరికి పోలేదు. నాన్న కూడా చూశాడు.

దాంతో అన్నీ చక్కబడ్డాయని చెప్పలేను. తమ్ముడు కదిరికి పోనే పోయాడు. అత్తకు ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే ధైర్యం నాన్నకు వెంటనే రాలేదు. ముందు అన్నం వార్చడం నేర్చుకోవాలి కదా. రోజూ ఫ్యాక్టరీ నుంచి వచ్చి వండేవాడు, మాడ్చేవాడు, అర్థం కానిది పోయి పెద్దమ్మను అడిగి వచ్చేవాడు. దసరా సెలవులు దాటాక, వాణ్ణి తెచ్చుకుందామని నాన్నా నేనూ కదిరికి పోతే తమ్ముడు అత్త కొంగు వెనక దాక్కున్నాడు. బస్సులో ఇంటిదాకా ఏడ్చాడు. రాత్రి నిద్రలో అత్తనే పిలిచేవాడు. నాన్న లేచి కూర్చుని వాడి వీపు నిమురుతూ ఉండేవాడు. వాడు మళ్ళీ మాలో కలవడానికి చాలాకాలం పట్టింది. పూర్తిగా కలిశాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

అయితే మా ఇంట్లో ఆ తరువాత అమ్మ మాట ఎత్తని రోజు లేదు. పప్పు బాగా కుదిరితే అమ్మ, కుదరకపోతే మరీ అమ్మ. కొన్నాళ్ళకు మెస్సు మూసేసి పెద్దమ్మ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఎందుకలా చేసిందో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

నాకిప్పుడు తల నెరిసింది. చావు జరిగిన ఇళ్ళకు పోవలసిన పని తరచుగా పడుతోంది. అక్కడ అందరూ వాతావరణం గురించో, బస్సు దొరికిందా లేదా అనో మాట్లాడతారు. పోయినవాళ్ళ ఊసు ఎత్తకపోవడమే మర్యాద అనుకుంటారు. నేను ఆ ఇంటివాళ్ళ పక్కన కూర్చుని, పోయిన మనిషి గురించి పేరు పెట్టి అడుగుతాను, ఏం వండేది, ఏం తినేవాడు, దేనికి కొట్లాడేది అని. కొందరికి కోపం వస్తుంది. కొందరు లేచి వెళ్ళిపోతారు. నేను మాత్రం అక్కడే కూర్చుని ఉంటాను, వాళ్ళు తిరిగి వచ్చి చెప్పేదాకా.