వెనక కొస

సౌదీలోని జుబైల్‌లో, ప్లాంటులో కొత్తగా అతికిన పైపుల్లో నీళ్ళు నింపి, కారడం లేదని చూసుకున్నాక సిమెంటు కాలువలోకి వదిలేస్తారు. కాగిన సిమెంటు మీద ఆ నీళ్ళు పడగానే లేచే వాసనకు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నర్సన్న గుర్తొస్తాడు.

నర్సన్న మా ముఠాకు మేస్త్రీ, నాకు పని నేర్పినవాడు. ఆయన ఊరు పోచంపాడు డ్యాం పక్కన. మాది కరీంనగర్ దగ్గర, అదే కాకతీయ కాలువ కింద. జుబైల్ కాలువలో వదిలిన నీళ్ళలో నర్సన్న థర్మాకోల్ ముక్క వేసి, దాని వెంట నడుస్తూ వేగం చూసేవాడు. "తమ్మీ, మా కాడ పడవ ఏస్తే మీ మానేరు డ్యాంల తేలుతం. గేటు అడ్డమొచ్చిన కాడల్లా పడవను భుజానికెత్తి అవతల దింపాలె. ముందు కొస నాది, వెనక కొస నీది," అనేవాడు. కూరగాయలు తరుగుతూ ఏ వంతెన కింద వండుకోవాలో, ఏ గట్టు మీద పడుకోవాలో చెప్పేవాడు. బతుకంతా ఎవరో చెప్పిన పైపు ఎవరో చెప్పిన చోట అతికిన మనిషి, తనకోసం కోరుకున్నది అదొక్కటే.

కాలువకు నీళ్ళు వదిలేది పంటలప్పుడు. మాకు సెలవిచ్చేది నడి ఎండాకాలం. అప్పుడు కాలువలో మేకలు తిరుగుతుంటాయి. ఒక ఏడు నర్సన్న తెగించి, కాలువ పారే చలికాలంలో సెలవు అడిగాడు. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే కాలం అది. ఆఫీసు సారు మన తెలుగాయనే.

"షట్‌డౌన్ టైమ్‌లో లీవ్ ఏంటయ్యా? ఎమర్జెన్సీ అయితే ప్రాసెస్ చేస్తాం. బోటింగ్ ఎమర్జెన్సీయా?" అని పక్కవాళ్ళను చూసి నవ్వాడు.

"సావైతే ఇస్తరా సార్?"

"డెఫినెట్‌గా."

"అంటే సచ్చినోళ్ళ కోసం ఇస్తరు, బతికినోళ్ళ కోసం ఇయ్యరు," అన్నాడు నర్సన్న. సారు నవ్వు ఆగింది గానీ సెలవు రాలేదు.

మరుసటి చలికాలం పని మీదే నర్సన్న గుండె ఆగిపోయింది. శవం వెంట పోవడానికి నాకు అడగకుండానే సెలవిచ్చారు. అదే సారు, అదే కుర్చీ. ఆ కాగితం ఆయన మొహాన కొట్టాలనిపించింది. నర్సన్నను ఒంటరిగా పంపలేక తీసుకున్నాను.

నర్సన్న ఊళ్ళో పాడె ఎత్తేటప్పుడు, ఎవరూ చెప్పకుండానే వెనక కొస పట్టాను. దారి కాలువ గట్టు మీదుగానే. నీళ్ళు నిండుగా పారుతున్నాయి. చూస్తే ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. దింపుడుకల్లం దగ్గర పాడె దించి, అయినవాళ్ళు ఆయన చెవిలో పేరు పెట్టి పిలిచారు. నా వంతుకు వంగి, "అన్నా, కాలువకు నీళ్ళొచ్చినయే," అన్నాను.

ఇప్పుడు ముఠాకు నేనే మేస్త్రీని. చలికాలం సెలవడిగిన ప్రతివాడి వెంట ఆఫీసుకు పోతాను. ఒక్కోసారి ఇస్తారు, ఎక్కువసార్లు ఇవ్వరు. కారణమేంటని సారు అడిగితే నాది ఒకటే జవాబు.

"బతికే ఉన్నడు సార్. అదే కారణం."