నంగలి చేనులో పాత బోరు

మా నాన్న కోలారు బంగారు గనిలో దిగి పనిచేశాడు. నేను నేల లోపల ఏముందో గాల్లోంచి వెతుకుతాను. డ్రోనుకు తాడు కట్టి, అయస్కాంత శక్తిని కొలిచే పరికరాన్ని వేలాడదీస్తాం. నేలలో ఇనుప పైపుంటే దాని మీదుగా వెళ్లేటప్పుడు కొలత మారిపోతుంది. పూడిపోయిన బోరుబావుల్ని అలాగే పట్టుకుంటాం.

పోయిన ఏడాది నంగలి దగ్గర ఒక రైతు దంపతులు పిలిచారు. ఆవులకు కొట్టం కట్టాలట. ఆయన తండ్రి వేయించి, ఎండిపోయాక మూసేసిన బోరు ఆ చేనులోనే ఎక్కడో ఉంది. దాని మీద కడితే నేల కుంగుతుందేమోనని భయం.

"గట్టు కాడే ఉండాది మేడమ్," అన్నాడాయన.

"నీకేం తెల్సు? మామిడిచెట్టు కాడ ఏపించినాడు మామ. అప్పుడు నేను కొత్త కోడల్ని. ఆ మిషన్ మోతకు నిద్రే లేదు," అంది ఆమె.

డ్రోను లేవగానే ఆమె కోళ్లు రెక్కలు కొట్టుకుంటూ చేనంతా చెదిరిపోయాయి. మామిడిచెట్టు దగ్గర కొలత ఎగిరింది. ఆమె మొగుడి వైపు గర్వంగా చూసింది. తవ్వితే తుప్పు పట్టిన బండిచక్రపు ఇనుప పట్టా బయటపడింది.

"ఇదేనా నీ బోరు?" అని ఆయన పడీపడీ నవ్వాడు.

"మామ బండిదప్పా ఇది!" అంటూ ఆమె దాన్ని కొంగుతో తుడిచి పక్కన పెట్టుకుంది.

రెండోసారి కొలత మారింది గట్టు దగ్గరా కాదు, చెట్టు దగ్గరా కాదు, చేను నడిమధ్యన. గడ్డపారకు బండ తగిలింది. దాన్ని పక్కకు జరిపితే కింద పైపు నోరు కనిపించింది. ఆయన ఒక గులకరాయి వేశాడు. అందరం చెవులు రిక్కించాం.

బుడుంగుమంది.

ఆమె నమ్మలేక ఇంకో రాయి వేసింది. మళ్లీ అదే చప్పుడు.

"నీళ్లుండాయప్పా! యాడికీ పోలేదు, నీళ్లుండాయి!"

ఈ మధ్య వానలు బాగా పడి చుట్టుపక్కల చెరువులు నిండాయి. ఎండిన బోరులోకి మళ్లీ ఊట వచ్చింది. ఆయన ఆ మట్టిలోనే కూలబడి, నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. పైపు నోటికి గట్టి మూత బిగించి, కొట్టాన్ని గట్టు వైపున కట్టుకోమని చెప్పి వచ్చాను.

మోటారు దించిన రోజు మళ్లీ పిలిచారు. మొదట బురద, తర్వాత తేట నీళ్లు ధారగా దూకాయి.

"ఇంగ చూస్తావేందమ్మా, రా!" అని ఆమె నా చెయ్యి పట్టి ధార కిందికి లాగింది. బూట్లతో సహా తడిసిపోయాను. ఆ తడిబట్టలతోనే కోలారు బస్సెక్కితే, కండక్టర్ నన్ను ఎగాదిగా చూసి, "యాడమ్మా వాన?" అన్నాడు.